మగ్గం గుంతలో గాలి

ఎండాకాలంలో అనంతపురం జిల్లాకి ఎవరైనా వెళ్తారా అని మా ఇంట్లో అందరూ అడిగారు. వెళ్లరు. పెళ్లికో చావుకో కబురొస్తే తప్ప మా తెనాలి వైపు వాళ్లు గుంతకల్లు దాటి ఎరగరు. నన్ను ఎవరూ పెళ్లికి పిలవలేదు. చెత్తదిబ్బల మీద గాలి పట్టుకురమ్మని పంపారు.

ఇదేం పని అని మీరూ అనుకుంటారు కాబట్టి ముందే చెప్పేస్తాను. నేను ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఎనభైల నడుమ మా యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరు గారికి మీథేన్ మీద మోజు పుట్టింది. నీళ్లు నిలిచి, గాలి ఆడని చోట ఆకూ అలమూ కుళ్లితే పుట్టే వాయువు అది. వెలిగిస్తే మండుతుంది. మా వరిచేలల్లో కాలు పెడితే బుడబుడమని పైకొచ్చేది అదే. అది ఆకాశంలోకి చేరి భూమి వేడిని బయటికి పోనివ్వడం లేదని అప్పుడప్పుడే అంటున్నారు. వరిచేలో ఎంత వస్తోంది, చెరువులో ఎంత, మెట్టచేలో ఎంత, ఊరి చెత్త పూడ్చిన నేలలో ఎంత అని పక్కపక్కన పెట్టి చూడాలని ఆయన కోరిక. వరిచేలు మగవాళ్లు పంచుకున్నారు. వాటి పక్కన కాఫీ హోటళ్లుంటాయి కదా. మే నెలలో అనంతపురం చెత్తదిబ్బలు నా వంతుకి వచ్చాయి. "మీకైతే ఓపిక ఎక్కువండీ" అన్నాడు ఒకాయన. ఆ మాట అన్నప్పటి అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

నేను పట్టుకొచ్చిన అంకెలు ప్రొఫెసరు గారి వ్యాసంలో ఉన్నాయి, కావలసినవాళ్లు చూసుకోవచ్చు. అందులో లేనిది ఇక్కడ రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఇందులో వచ్చే నేతవీధి వాళ్లు వేరే చోట ఇళ్లు కట్టుకుని వెళ్లిపోయారని తెలిశాకే రాయడానికి కూర్చున్నాను.

గుత్తి

రైలు దిగేసరికి తెల్లవారింది. నా సామాను ఏమిటంటే అడుగు లేని రేకు పెట్టెలు, గాజు సిరంజీలు, రబ్బరు బిరడాల సీసాలు. పెట్టెని నేలలోకి దించి, లోపల చేరిన గాలిని సిరంజీతో లాగి సీసాలో దాచాలి. అంతే పని. పోర్టరు ఒక పెట్టెని తలకిందులు చేసి చూసి, "అడుగే లేదు కదమ్మా, దీంట్లో ఏం పెట్టుకుంటారు?" అన్నాడు. గాలి అన్నాను. కూలి మాత్రం నిండు పెట్టెల లెక్కన అడిగి తీసుకున్నాడు.

గుత్తిలో కొండ మీద కోట ఉంది. నేను ఎక్కలేదు. ఎక్కినవాళ్లు రాసినవి చాలా ఉన్నాయి, చదువుకోండి. నేను కొండ కింద హోటల్లో ఉగ్గాని తిన్నాను. బొరుగుల్ని నీళ్లలో తడిపి, పిండి, పోపు పెట్టి, పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. మా వైపు మరమరాలు పిల్లల చేతిలో పోసే తిండి, ఇక్కడ మీసాలవాళ్లు ఉదయాన్నే బుద్ధిగా కూర్చుని తింటున్నారు. బజ్జీ కారానికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో గ్లాసు నీళ్లు అడిగాను. హోటలాయన వినబడనట్టు లెక్క రాసుకుంటున్నాడు. మా ఊళ్లో బల్ల ముందు కూర్చోగానే అడక్కుండా చెంబుడు నీళ్లు పెడతారు.

"బోర్లకి నీళ్ల పాయింట్లు చూసేకి వచ్చినారా మేడమ్?" అన్నాడు తర్వాత, నా పెట్టెల వంక చూసి.

"కాదండీ. గాలి కోసం."

"గాలికేం కొదవ ఈడ. ఎంత కావాలంటే అంత పట్టకపోండి. నీళ్లు మాత్రం అడగొద్దు." ఆ మాట అన్నాక ఎందుకో జాలిపడి, సగం గ్లాసు పోశాడు.

కొండ కింద పెట్టిన పెట్టెలో ఏమీ రాలేదు. రాదని తెలుసు. రాకపోవడం కూడా రాసుకోవాలి, సైన్సు అంటే అదే. ఎండలో రాతి పక్కన కూర్చుని ఏమీ రానిదాని కోసం ఎదురుచూశాను.

బత్తలపల్లె

అనంతపురంలో ఒక రాత్రి పడుకుని, మర్నాడు బత్తలపల్లె వెళ్లాను. ధర్మవరం దారిలో ఉంటుంది. అక్కడ ఒక రైతు తన వేరుశనగ చేను చూపించాడు. చేను అన్నది మర్యాదకి. ఎర్రటి గరుసు నేల, వాన పడితే విత్తుతారు, పడకపోతే అలాగే చూస్తూ కూర్చుంటారు. పెట్టె దిగలేదు. సుత్తితో కొడితే రేకు వంగింది. నేల మెత్తబడుతుందని చెంబుతో నీళ్లు పోయబోయాను. రైతు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమమ్మా, నీళ్లు తీసకపోయి మట్టికి పోస్తావా?"

పరాయి ఆడదాని చెయ్యి పట్టుకున్నానని తర్వాత అతనే సిగ్గుపడి, పెట్టె చుట్టూ గడ్డపారతో తానే తవ్వి దించి పెట్టాడు. అందులోనూ ఏమీ రాలేదు.

సిరంజీలు బయటికి తీయగానే అక్కడున్న పడుచు ఆడవాళ్లంతా మాయమైపోయారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లవాళ్లు వచ్చారనుకున్నారట. ఒక ముసలామె మాత్రం చీర మోకాళ్లదాకా ఎత్తుకుని నా ముందు కూర్చుంది. ఇది మందు సూది కాదవ్వా, గాలి లాగే సూది అని చెప్పాను.

"అదే కదా నేను అడుగుతాండేది. మోకాళ్లలో గాలి చేరిందని వైద్యుడు చెప్పినాడు. పీకు."

ఆమెకి ఎంత చెప్పినా లాభం లేకపోయింది. మట్టిలో గాలి పీకేదానికి వచ్చి మనిషిలో గాలి పీకనంటావు, మట్టి కన్నా తీసిపోయినానా అని తిట్టి, కుంటుకుంటూ వెళ్లిపోయింది.

బస్టాపు దగ్గర గంగులప్ప అనే నేతగాడు కనిపించాడు అప్పుడే. అనంతపురం నుంచి వచ్చిన బస్సు టైరు పంచరై ఆగితే, జనమంతా దిగి టీ తాగుతున్నారు. ఇతనొక్కడే అరుగు మీద ఒళ్లో గుడ్డ మూట పెట్టుకుని కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకున్నాడు కానీ కుడి చెయ్యి మూట మీద నుంచి తీయలేదు.

"యాడికి పోతాండారమ్మా?" అన్నాడు.

"ధర్మవరం."

"చీరలకా?"

"చెత్తకి."

నా పని చెప్పాను. అతను నవ్వాడు. "చెత్త కావాలంటే మా ఈదికి రాండి. మా కాళ్ల కిందనే ఉండాది."

ఊరి పాత దిబ్బని చదును చేసి, పైన ఎర్రమట్టి పరిచి, నేతవాళ్లకి ఇంటి జాగాలు ఇచ్చారట. ఎవరో పెద్దమనిషి పేరుతో నగర్ అని బోర్డు కూడా పెట్టారు. ఊరంతా దిబ్బవీధి అనే అంటారు. నేను వెతుక్కుంటూ వచ్చిన నేల అదే. సంతోషంతో బస్సులో అతని పక్కనే కూర్చున్నాను. మూటలో ఏముందని అడిగాను. చుట్టూ చూసి, కొంచెం విప్పాడు.

వంకాయరంగు పట్టుచీర, ఆకుపచ్చ అంచు. కొంగు మీద జరీ మసిబట్టిన లాంతరు గ్లాసులా ఉంది.

"పెళ్లి చీరమ్మా. మగ్గం మీద ఉన్నప్పుడే కొంచిం మసకేసినట్ల ఉన్నింది, ఇంట్లో వెలుతురు చాలక అట్ల కనపడతాందని అనుకున్నా. ఇచ్చి నెల కాలేదు, పెళ్లోళ్లు తెచ్చి సాహుకారు మొగాన కొట్టినారంట. ఆయప్ప ఇచ్చిన మంచి జరీ నేను అమ్ముకొని, ఉత్త జరీ ఎక్కించినానంట."

"ఎక్కించారా?" అన్నాను. నాకు ఇలా అడగడం అలవాటు.

అతను నొచ్చుకోలేదు. "అదే చూపించేకి అనంతపురం పోయింటి. కంసాలి పోగు కరిగించి, వెండే అన్నాడు. దీన్ని సాహుకారు నమ్మల్ల కదా. ఇంకొక చీర మగ్గం మీద ఉండాది. అదీ నల్లబడితే పట్టు ఇయ్యనన్నాడు. ఈయప్ప ఇయ్యనంటే ఊర్లో ఎవురూ ఇయ్యరు. దొంగకి పట్టు ఎవురిస్తారు?"

పట్టూ జరీ సాహుకారు ఇస్తేనే మగ్గం ఆడుతుంది. ఇవ్వకపోతే నేతగాడికి మిగిలేది మట్టి తట్ట మోసే కూలే. బస్సు దిగేటప్పుడు అతను మూటని మళ్లీ గట్టిగా కట్టుకున్నాడు.

ధర్మవరం

ముందు ఊరి బయట ఉన్న కొత్త దిబ్బకి వెళ్లాను. మేకలు, పందులు, గాలికి లేచే కాగితాలు. మా ప్రొఫెసరు గారు ఇక్కడే బోలెడు మీథేన్ దొరుకుతుందని ఆశపడి పంపారు. రోజంతా కూర్చున్నా ఏమీ దొరకలేదు. చెత్త ఎండి గలగలలాడుతోంది. కుళ్లడానికి కూడా నీళ్లు కావాలి, ఆ ఊళ్లో చెత్తకి సైతం నీళ్లు లేవు. పంది ఒకటి వచ్చి నా పెట్టెని బోర్లా తోసింది. దాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

మర్నాడు గంగులప్ప ఇంటికి వెళ్లాను. ఒకటే గది, అందులో సగం మగ్గమే. అక్కడ మగ్గం గుంతలో ఉంటుంది. నేతగాడు నేల మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వేలాడేసి, కింద పావులు తొక్కుతూ నేస్తాడు. మా చీరాల వైపు కూడా గుంట మగ్గాలున్నాయి, కానీ ఇక్కడ చూసింది అక్కడ చూడలేదు. గుంత అడుగున తడి ఇసుక, దాని మీద తడి గోనెపట్టా. గంగులప్ప భార్య నారాయణమ్మ బిందె తెచ్చి, మా ముందే ఆ గుంతలో కుమ్మరించింది.

నేను రైతు పట్టుకున్న చెయ్యి తలుచుకుని, "నీళ్లు మట్టికి పోస్తున్నారేమిటి?" అన్నాను.

"మగ్గానికి పోస్తాండామక్కా" అంది నారాయణమ్మ. "ఈ గాలికి పట్టుపోగు పెళుసుబారి పుటుక్కున తెగుతాది. కింద తడి ఉంటే మెత్తగుంటాది. పొద్దున ఒక బిందె, మద్యాన్నం ఒక బిందె. మా యప్ప ఒంటికి పోసుకోకపోయినా దీనికి పోయల్లంటాడు. ఈ ఈదిలో ఇంకెవురూ ఇన్ని పోయరు. కుళాయి కాడ నేనే కొట్లాడి తెస్తాండా."

పొడవైన మనిషి, గొంతు ఇంకా పొడుగు. నేను వెళ్లేసరికి వీధిలో ఎవరితోనో దెబ్బలాడుతోంది. తన మొగుడు జరీ పోగు ముట్టుకున్నాడని ఎవరైనా అంటే నాలుక కోస్తానని ఎదురింటి అరుగు మీద నిలబడి చెబుతోంది. ఆ వారంలో అది ఎన్నోసారో ఎదురింటివాళ్లు కూడా చెప్పలేకపోయారు. ఈ మొగుడూ పెళ్లాల వైపు మాట్లాడేది ఒక్క పుల్లన్న. వీధికి పెద్ద. గంగులప్పకి తాను పూచీ అని సాహుకారుకి మాట ఇచ్చిన మనిషి.

గుంత దగ్గర వంగేసరికి నాకు వాసన తగిలింది. కుళ్లిన గుడ్డు వాసన, చాలా పలచగా. వాళ్లని అడిగితే, ఏ వాసన అన్నారు. అందులోనే బతికేవాళ్ల ముక్కుకి తెలియదు. నారాయణమ్మ కాళ్ల వైపు చూశాను. వెండి మెట్టెలు నల్లగా ఉన్నాయి.

"చింతపండు పెట్టి తోమినా మరుసనాటికి ఇంతే" అంది. "నీళ్లు మంచివి కాదేమో."

గుంతలో పెట్టె బోర్లించాను. ఈలోపు నారాయణమ్మ అన్నం పెట్టింది. రాగిసంగటి, ఊరుబిండి. వేయించిన వేరుశనగలూ పచ్చిమిరపకాయలూ రోట్లో నూరిన పచ్చడి అది. సంగటిని నమలకూడదట, మింగాలట. నేను నమిలితే ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో వాళ్లు నవ్వగా విన్నది ఆ పూటే.

తిన్నాక సిరంజీతో గాలి లాగాను. మగ్గానికి దూరంగా, వంటమూలలో కొవ్వొత్తి వెలిగించి, తలుపు వేయమన్నాను. సూదిని మంట దగ్గర పెట్టి మెల్లగా వత్తాను. సూది చివర నీలంగా మంట లేచింది. సిరంజీ ఖాళీ అయ్యేదాకా మండింది.

వాళ్లకి వివరంగా చెప్పాను. కింద ఊరి చెత్త ఎండి పడుకుని ఉంది. నీళ్లు పోయకపోతే అలాగే ఉండేది. ఏళ్ల తరబడి బిందెలు బిందెలు పోసేసరికి అది కుళ్లుతోంది. ఈ మండే గాలితో పాటు ఇంకో గాలి పుడుతోంది, ఈ వాసన దానిదే. అది వెండిని నల్లగా చేస్తుంది. జరీ మంచిది కాబట్టే, అందులో వెండి ఉంది కాబట్టే అలా నల్లబడింది. నీళ్లు ఆపేస్తే మెల్లగా తగ్గిపోతుంది. ఈలోపు జరీ కండెలు మూతబిగువు డబ్బాలో పెట్టుకోండి, నేసిన మేర గుడ్డ కప్పండి.

గంగులప్ప గుంతలోకి వంగి తడి గోనెపట్టా ఎత్తి చూశాడు. "అయితే నేను పోసిన నీళ్లేనామ్మా?"

"మీరు పోసిన నీళ్లే."

"పోయకుండా ఉండింటే? సోమరిగా నేసుకొనింటే?"

"నల్లబడేది కాదు."

ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు తెలియదు. వీధిలో అందరికంటే బాగా పని చేసినవాడికే దొంగ అనే పేరు వచ్చింది. నారాయణమ్మ తలుపు తీసి అప్పుడే వీధిలో అరిచి చెప్పబోయింది. గంగులప్ప ఆమె చెయ్యి పట్టి ఆపాడు. "ఆగు. ముందర సాహుకారుకి చెప్దాము. ఈ అమ్మ చిలమత్తూరు పోయి వచ్చినంక, ఈ అమ్మతోనే చెప్పిద్దాము. మనం చెప్తే నమ్మడు."

చిలమత్తూరు

నా జాబితాలో నీళ్లున్న చెరువు ఒకటి ఉండాలి. హిందూపురం దాటి చిలమత్తూరు దగ్గర ఉందన్నారు. కర్ణాటక అక్కడికి నడిచిపోయేంత దూరం. మాటల్లో కూడా సగం కన్నడం. టీకొట్టులో "దుడ్లు ఆడ పెట్టండి" అంటే ఏం పెట్టమంటున్నాడో అర్థంకాక నిలబడిపోయాను. డబ్బులట.

చెరువు అడుగున కొంచెం నీళ్లు, దాని కింద మడి చెక్కలో కాస్త వరి ఉన్నాయి. బురదలో కాలు పెట్టగానే బుడగలు లేచాయి. ఇన్ని రోజులకి కాళ్లు తడిశాయి, నాకు ఇల్లు గుర్తొచ్చింది. పెట్టెలో గాలి బాగానే చేరింది, అయినా గంగులప్ప గుంత ముందు ఇది బలాదూరు. ఇంత కరువు నేలలో మా కృష్ణా డెల్టాని మించి మీథేన్ పుట్టే చోటు ఒక మనిషి ఇంట్లో, అతని కాళ్ల కింద ఉంది.

మడి కాపలా ముసలాయన నా పని అంతా చూసి, "ఈ గాలి తీసకపోయి ఏం చేస్తారమ్మా?" అన్నాడు. ఎంత ఉందో కొలుస్తామన్నాను. "కొలిచి?" అన్నాడు. రాసుకుంటామన్నాను. ఆయన లేచి మడి వైపు వెళ్లిపోయాడు, నా మీద గౌరవం పోయినట్టుంది. నేను మాత్రం ఆ రోజు హుషారుగానే ఉన్నాను. ఒక్కసారైనా నా కొలతలు ఎవరికో పనికొస్తాయని అనుకుంటూ బస్సెక్కాను.

సాహుకారు దుకాణం

ధర్మవరంలో దిగగానే సాహుకారు గుమాస్తా బస్టాండులోనే ఎదురొచ్చాడు. మేడమ్ గారు దిబ్బవీధిలో మట్టి పరీక్ష చేశారని తెలిసిందట, ఒక్కసారి రమ్మన్నారట. ఇంకేం కావాలి, నేను అడగకుండానే పిలిచారు.

దుకాణంలో తెల్లటి పరుపు మీద సాహుకారు కూర్చున్నాడు. మర్యాదైన మనిషే, దండం పెట్టి, కాఫీకి పంపాడు. గంగులప్ప చేతులు కట్టుకుని ఒక మూల నిలబడి ఉన్నాడు. గుమ్మం దగ్గర పుల్లన్న. పరుపు మీద ఆ వంకాయరంగు చీర, దాని పక్కన ఇంకో చీర, సగమే ఉంది. నేను ఊళ్లో లేనప్పుడు మనుషుల్ని పంపి, మగ్గం మీద ఉన్న చీరని సగంలో కోయించి తెప్పించాడు. నేతవాళ్ల ఇంట్లో అంతకంటే అవమానం ఇంకొకటి లేదు. దాని జరీ కూడా మసకబారింది.

"మేడమ్, మీరు కెమిస్ట్రీ చదివినారంట" అన్నాడు సాహుకారు. "ఆ ఈదిలో ఏందో వాసనుండాదని మా గుమాస్తా అంటాడు. మీరే చెప్పండి, ఇది మనిషి తప్పా, జాగా తప్పా? మనిషి తప్పయితే ఒక మగ్గం నిలిచిపోతాది, అంతే. జాగా తప్పయితే ఆ ఈదిలో ఉండే పట్టూ జరీ అంతా ఈ పొద్దే వాపసు తెప్పిస్తా. నేనొక్కడే కాదు, ఊర్లో ఏ సాహుకారూ ఆ ఈదికి పోగు గూడా ఇయ్యడు. నల్లబడే చీరకి దుడ్లు ఎవురు పెడతారు మేడమ్? మీరేం చెప్తే అదే."

ఆయన కోపంగా అనలేదు. కూరగాయల బేరం అడిగినట్టే అడిగాడు. నా దగ్గర జవాబు ఉంది. నీళ్లు ఆపితే సరిపోతుందని కూడా చెప్పాలి, కానీ అంతదాకా వినేవాడిలా లేడు. ఎలా మొదలుపెట్టాలా అని నోరు తెరిచాను.

"అమ్మని అడగొద్దు సామీ" అన్నాడు గంగులప్ప. "మట్టి చూసేకి వచ్చిన మనిషి, ఆయమ్మకేం తెలుసు. జరీ నేనే మార్చినా."

పుల్లన్న గుమ్మం పట్టుకున్నాడు. సాహుకారు ముఖం విప్పారింది. తన లెక్క తప్పలేదని తెలిసిన సంతోషం అది, ఆ ముఖాన్ని నేను ఇవాళ కూడా క్షమించలేను.

"రెండు చీరలకీనా?"

"రెండిటికీ."

నేను లేచాను. అతను చెప్పింది అబద్ధం అందామనే లేచాను. గంగులప్ప నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. నా పొద్దు పాడుచేసినందుకు మన్నించమంటున్నాడని సాహుకారు అనుకున్నాడు. నోరు మూసుకోవడం నాకు రాని విద్య, ఆ రోజు మూసుకున్నాను.

"చూస్తిరా మేడమ్, మీ సైన్సుతో పనే లేకపాయె" అన్నాడు సాహుకారు. మళ్లీ తన కొట్టు గడప తొక్కవద్దని గంగులప్పకి చెప్పాడు. పుల్లన్న అప్పటికే వీధిలోకి వెళ్లిపోయాడు. కాఫీ వచ్చింది. నేను తాగలేదు.

దిబ్బవీధి

దారిలో గంగులప్ప వెంట దాదాపు పరుగెత్తాను. ఎందుకు చేశారీ పని, నేను చెప్పేదాన్ని కదా అన్నాను.

"చెప్పింటే ఏమైతాది? నేను మంచోడినైతా. ఈదంతా పస్తు పంటాది." అతను నడక ఆపలేదు. "నీళ్లు పోయొద్దని ఈదికి చెప్తాలేమ్మా. కుళాయి నీళ్లు ఉప్పగుండాయి, పట్టుకి మంచిది కాదని చెప్తా. జరీ డబ్బాల్లో పెట్టుకోమని కూడా చెప్తా."

"దొంగ మాట వింటారా?"

"ఇంటారు. నన్ను దొంగ అనుకుంటారు గానీ నేత రానోడనుకోరు."

మేము వెళ్లేసరికి వాళ్ల గుమ్మం ముందు జనం ఉన్నారు. పుల్లన్న మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నారాయణమ్మ గడప మీద నిలబడింది, ఎదురింటావిడ ఆమె ముఖంలోకి చూస్తోంది.

"నీ మొగుడు సాహుకారు ముందర ఒప్పుకొనినాడు" అంటున్నాడు పుల్లన్న. "ఆయప్పకి నేను పూచీ పడితి. నువ్వు ఈదిలో నిలబడి ఒట్లేస్తివే, పోగు గూడా ముట్టలేదని. ఇప్పుడేమంటావు నారాయణమ్మా?"

ఆమె మొగుడి వైపు చూసింది. అతను నేల చూశాడు. ఆమె నా వైపు చూసింది. అంతా తెలిసిన మనిషి నేను, చెప్పాల్సినదాన్ని నేను. ఎందుకు చెప్పలేదని ఆమె కళ్లు అడుగుతున్నాయి. నేను తల తిప్పుకున్నాను. అటూ ఇటూ తలుపులు తీసి ఉన్నాయి, ప్రతి ఇంట్లోనూ మగ్గం కనిపిస్తోంది. నారాయణమ్మ కూడా అవి చూసింది. ఆమెకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏడుస్తుందనుకున్నాను, లేదా అరుస్తుందనుకున్నాను. కొంగు నడుముకి దోపుకుంది.

"ఏమంటా. నిజమే" అంది. "మార్చమని నేనే చెప్తి. ఆయప్పకి అంత తెలివి యాడిది."

పుల్లన్న ఆ గడప మీద ఉమ్మేసి వెళ్లిపోయాడు. ఎదురింటావిడ తన పిల్లల్ని లోపలికి పిలిచి తలుపు వేసుకుంది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి మగ్గాల్లో కూర్చున్నారు, కాసేపటికి వీధంతా మళ్లీ మగ్గాల చప్పుడు మొదలైంది. నేను సీసాలు సర్దుకుని బస్టాండుకి వెళ్లాను.